కొడుకు పుట్టగానే రాజు కాడు

అమ్మాయీ,

నీ నవల రాతప్రతి పూర్తిగా చదివాను. బార్బరా రాజివిల్ భాగం బాగా పట్టు చిక్కింది. పోలండ్ రాజు జిగ్మంట్ అగస్ట్ ఆమెను 1547లో గుట్టుగా పెళ్ళాడటం, అతని తల్లి బోనా మండిపడటం, 1550 డిసెంబరులో కిరీటం, అయిదు నెలలకే మరణం, అన్నీ కుదిరాయి. కానీ కులీనులు అంత గొడవ ఎందుకు చేశారో పాఠకుడికి అందలేదు. అంతస్తు తేడా అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. రాజు పెళ్ళి రాజ్యం మొత్తానికి సంబంధించిన విషయం, మమ్మల్ని అడగకుండా ఎలా చేసుకుంటావు అన్నది వాళ్ళ అసలు కోపం.

మన పాఠకుడి లెక్కలో రాజకుమారుడంటే పట్టాభిషేకం ఖాయం. జిగ్మంట్ అగస్ట్ పుట్టిన యాగెల్లోన్ వంశంలో అలా కాదు. లిథువేనియా వాళ్ళకు తాతల నాటి ఆస్తి. పోలండ్ మాత్రం పెళ్ళితో వచ్చింది. 1384లోనే ‘రాజు’గా కిరీటం పెట్టుకున్న యాద్విగాను ఈ వంశ మూలపురుషుడు, లిథువేనియా పాలకుడు యోగైలా 1386లో బాప్తిస్మం తీసుకుని పెళ్ళాడాడు, ఆ తర్వాతే అప్పటి పోలండ్ రాజధాని క్రాకోవ్‌లో అతని తలకు కిరీటం ఎక్కింది. 1399లో పసిబిడ్డ పోయిన నాలుగు రోజులకే ఆమె కన్నుమూసింది. నువ్వక్కడ రెండు పేజీలు ఏడిపించావు. అందులో సగం కోసేసి, అతని భయం రాయి. భార్యే లేనప్పుడు ఈ సింహాసనం మీద నాకేం హక్కుంది? 1402లో పోలండ్ పాత రాజు కాజిమిర్ మహారాజు మనవరాలు ఆన్నాను చేసుకోవడం దానికి జవాబే. ఆ పెళ్ళిలో ప్రేమ కోసం వెతక్కు.

మూడో భార్యను దాటెయ్, పర్లేదు. నాలుగో భార్య సోంకా దగ్గర మాత్రం ఆగు. అరవై దాటిన రాజుకు 1424లో కొడుకు పుట్టాడు. నీ నవలలో అక్కడ సంబరాలే ఉన్నాయి. నిజానికి బేరం మొదలైంది అప్పుడే. వాడిని వారసుడిగా ఒప్పుకుంటూ కులీనులు రాసిచ్చారు, బదులుగా తమ హక్కులు ఖాయం చేయమన్నారు. రాజు నాన్చాడు. 1426లో ఆ పత్రాన్ని అతని కళ్ళముందే కత్తులతో ముక్కలు చేశారట! ఇంత మంచి సీను ఎలా వదిలేశావమ్మా? మరుసటేడు సోంకా మీద రంకు నింద పడితే ఆమె ప్రమాణం చేసి బయటపడింది. పిల్లల పుట్టుక మీదే అనుమానం వస్తే వాళ్ళకు సింహాసనం దక్కేదా? చివరికి 1430లో యెద్ల్న్యా అనే ఊళ్ళో రాజు దిగొచ్చాడు. విచారణ లేకుండా ఏ కులీనుణ్ణీ నిర్బంధించనని మాటిచ్చాడు. వాళ్ళు కొడుకుల్లో ఒకరిని ఎన్నుకుంటామన్నారు. గమనించు, ‘ఎన్నుకుంటాం’ అన్నారు.

యోగైలా కొడుకు నాలుగో కాజిమిర్ పదమూడు మంది పిల్లల్నీ వరుసగా పరిచయం చేసిన అధ్యాయం తీసెయ్. పెళ్ళి వీడియోలో బంధువుల్ని చూపించినట్టుంది. నలుగురు కొడుకులు రాజులయ్యారని చెబితే సరిపోతుంది.

ఇక ముగింపు. 1572లో జిగ్మంట్ అగస్ట్ వారసుడు లేకుండా పోవడంతో ఆపేశావు. అతని చెల్లెలు ఆన్నా ఏమైంది? యాభై దాకా పెళ్ళి కాని మనిషి. 1573లో రాజుగా ఎన్నికైన ఫ్రెంచి రాకుమారుడు హెన్రీ ఆమెను చేసుకోకుండానే మరుసటేడు పారిపోయాడు. 1575లో ఆమెనే ఎన్నుకుని, తనకన్నా పదేళ్ళు చిన్నవాడైన ట్రాన్సిల్వేనియా పాలకుడు స్టీఫెన్ బాతోరీని భర్తగా జతచేశారు. ముందు ఆమె అధ్యాయం రాసి పంపు. అప్పటిదాకా బార్బరా జోలికి వెళ్ళకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు