యోగ సందేహాలు: గేటు దగ్గర మొదలైన చిరాకు

ప్రశ్న: మూడేళ్లుగా తెల్లవారుజామునే లేచి గంటసేపు సూర్యనమస్కారాలు, ఆసనాలు, ప్రాణాయామం చేస్తున్నాను. చాప చుట్టి పక్కన పెట్టిన అరగంటకే చిరాకు మొదలవుతుంది. పక్కింటివారు రోజూ మా గేటుకు అడ్డంగా బండి పెడతారు. ఆఫీసుకు వెళ్లే దారిలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర వెనక నుంచి హారన్లు ఆగవు. మొన్న మా అబ్బాయి టిఫిన్ డబ్బా మరిచిపోతే పెద్దగా కేకలు వేశాను. ‘యోగా చేసేవాళ్లకు ఇంత కోపమా?’ అని మా అత్తగారు అన్న మాట మనసులో గుచ్చుకుంది. నా సాధనలో లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, చిరాకు కలగడం మీ సాధనలోని లోపం కాదు. హింస మొదలైన వితర్కాలు, అంటే సాధనకు అడ్డుపడే ఆలోచనలు, లోభం, క్రోధం, మోహం వల్ల పుడతాయని, అవి మృదువుగానూ, మధ్యమంగానూ, తీవ్రంగానూ ఉంటాయని పతంజలి యోగసూత్రాల రెండో అధ్యాయమైన సాధనపాదంలో చెప్పారు. నాకు ఆ సూత్రంలో అన్నిటికంటే విలువైన మాట ‘మృదువు’. గేటు ముందు బండి చూడగానే మీలో కదిలింది మృదువైన చిరాకు. దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల అది లోలోపల పెరిగి, టిఫిన్ డబ్బా దగ్గరికి వచ్చేసరికి కేకగా బయటపడింది. అబ్బాయి చేసిన తప్పు చిన్నది, పాపం వాడి మీద పడిన కోపంలో చాలా భాగం వాడిది కాదు.

మృదువుగా ఉన్నప్పుడే దాన్ని గుర్తుపట్టడం ఆసనంలోనే నేర్చుకోవాలి. విజయనగరంలో మా తరగతికి వచ్చేవారిని, కాళ్లు చాపి కూర్చుని పాదాలు అందుకునేలా ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో గమనిస్తుంటాను. పాదాలు ఇంకో రెండంగుళాల దూరంలో ఉండిపోగానే చాలామందికి ముందు దవడ బిగుస్తుంది, తరువాత కనుబొమలు ముడిపడతాయి, ఊపిరి నిలిచిపోతుంది, ఆపైనే ‘నాకిది రాదు’ అన్న విసుగు ముఖంలో కనబడుతుంది. గేటు దగ్గర మీకు జరిగేదీ ఇదే వరుస. అందువల్ల రేపటి నుంచి ఎంత వంగగలిగారన్నది కాసేపు పక్కన పెట్టి, దవడ ఏ క్షణంలో బిగిసిందో చూడండి, చూసి వదులు చేయండి. శవాసనంలో చెవి దగ్గర దోమ మూగినప్పుడు వెంటనే చెయ్యి విసరకుండా, ఒక్క నిశ్వాసం పూర్తయ్యాక తోలండి. దోమను భరించమని నేను అనడం లేదు. చెయ్యి లేచే ముందు ఒక ఊపిరి చోటు ఉందని శరీరానికి తెలియాలి.

మనసు కుదుటపడటానికి ఊపిరిని బయటికి వదలడం, నిలపడం కూడా ఒక మార్గమని యోగసూత్రాల మొదటి అధ్యాయమైన సమాధిపాదం 34వ సూత్రం చెబుతుంది. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరిగి, వదిలేటప్పుడు తగ్గుతుంది కనుక నిశ్వాసాన్ని సాగదీస్తే ఒంట్లోని ఉద్రేకం నెమ్మదిస్తుంది. జంక్షన్ దగ్గర ఆగినప్పుడు, కళ్లు తెరిచే ఉంచి, 4 లెక్కించేవరకు తీసుకుని 6 లెక్కించేవరకు వదలండి, ఐదారుసార్లు చాలు. బండి మీద ఉన్నప్పుడు ఊపిరి బిగపట్టవద్దు.

ఇక ఉపేక్ష సంగతి. తప్పు చేసేవారి పట్ల ఉపేక్ష చూపితే మనసు నిర్మలమవుతుందని దానికి ముందున్న 33వ సూత్రం చెబుతుంది. మన వాడుకలో ఆ మాటకు పట్టించుకోకుండా వదిలేయడమన్న అర్థం స్థిరపడింది గాని, సూత్రంలో అది ఎదుటివారి తప్పు వల్ల మన మనసు కలతపడకుండా చూసుకోవడం. కాబట్టి బండి విషయం దిగమింగుకోవలసిన పని లేదు. సాయంత్రం తీరికగా ఉన్నప్పుడు పక్కింటికి వెళ్లి, ‘పొద్దున్నే గేటు తీయడానికి ఇబ్బందవుతోందండీ, బండి కాస్త పక్కకు పెడతారా?’ అని అడగండి. అంతకంటే ముందు, ఈ రాత్రే, కేకలు వేసినందుకు నొచ్చుకున్నానని అబ్బాయితో చెప్పండి.

ప్రశ్న: కోపం వచ్చిన వెంటనే కపాలభాతి, భస్త్రిక చేస్తే తగ్గిపోతుందని ఒక మిత్రుడు చెప్పారు. చేయవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వద్దండీ. అవి ఊపిరిని వేగంగా నడిపించే క్రియలు, ఉద్రేకంలో ఉన్నప్పుడు తగినవి కావు. రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు వాటికి ఎప్పుడైనా దూరంగానే ఉండాలి. ఒంటరిగా ఉంటే భ్రామరి చేయండి: కళ్లు మూసుకుని, పెదవులు కలిపి, పళ్లు మాత్రం తాకకుండా ఉంచి, తుమ్మెద ఝంకారంలా సన్నని నాదంతో ఊపిరి వదలండి. నలుగురిలో ఉంటే పై జవాబులో చెప్పిన దీర్ఘ నిశ్వాసమే సరిపోతుంది, పక్కవారికి తెలియను కూడా తెలియదు.