పాత డొమైన్ కొంటే పాత పరపతి వస్తుందా?

ప్రశ్న: మిక్సీలు, వెట్ గ్రైండర్ల మీద సమీక్షలు రాసి, అమెజాన్ లింకుల ద్వారా కమీషన్ సంపాదించే సైటు ఒకటి పెట్టాలనుకుంటున్నాను. కొత్త పేరుతో మొదలుపెడితే గూగుల్‌లో కనిపించడానికి నెలలు పడుతుందనీ, గడువు తీరిన పాత డొమైన్ (వెబ్‌సైటు చిరునామా) కొంటే ఇతర సైట్లు దానికిచ్చిన లింకుల బలం మనకు వస్తుందనీ స్నేహితులు చెబుతున్నారు. కంటి వైద్య శిబిరాలు నిర్వహించిన ఒక ధర్మసంస్థ వదిలేసిన పేరు వేలంలో ఉంది. సైటు బలాన్ని సూచించే డొమైన్ అథారిటీ అనే అంకె 38 చూపిస్తోంది. దానికి 35,000 రూపాయల వరకు పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: 35,000 మాట అలా ఉంచి, మీరు తలపెట్టిన పనికి ఆ పేరు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దనే నా సలహా. గూగుల్ 2024 మార్చిలో తన స్పామ్ నియమాలకు (మోసపూరిత పద్ధతులతో ఫలితాల్లో పైకి రావడాన్ని అడ్డుకునేవి) కొత్తగా చేర్చిన వాటిలో గడువు తీరిన డొమైన్ల దుర్వినియోగం ఒకటి. చదివేవారికి పెద్దగా ఉపయోగం లేని సమాచారాన్ని, కేవలం పాత పేరుకున్న పరపతితో వెతుకులాట ఫలితాల్లో పైకి తేవాలనే ఉద్దేశంతో పాత డొమైన్ కొని వాడడాన్ని ఆ నియమం తప్పుపడుతుంది. అక్కడ ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి, లాభాపేక్ష లేని వైద్య సేవాసంస్థ వాడిన సైటులో వైద్య ఉత్పత్తులు అమ్మడం. మరొకటి, ఒకప్పుడు ప్రభుత్వ సంస్థ వాడిన సైటులో అఫిలియేట్ సమాచారం, అంటే కమీషన్ లింకులున్న సమాచారం నింపడం. ఈ రెండింటిలోనూ మీ పథకానికి సగం సగం పోలిక ఉంది.

ఆ ధర్మసంస్థకు లింకులిచ్చిన పత్రికలూ కళాశాలలూ కంటి శిబిరాలను చూసి ఇచ్చాయే తప్ప, అదే చిరునామాలో రేపు గ్రైండర్ల ధరల పట్టిక వస్తుందని కాదు. ఇక ఆ 38 అనే అంకె గూగుల్‌ది కాదు. మోజ్ అనే సంస్థ తన లెక్కల ప్రకారం వేసే అంచనా. అహ్రెఫ్స్ అనే మరో సంస్థ వారి డొమైన్ రేటింగ్ కూడా అటువంటిదే. పనికిమాలిన లింకులు గుట్టలుగా చేర్చి ఇటువంటి అంకెలను పెంచి అమ్మేవారు ఉన్నారు కనుక, అంకెను చూసి బేరం కుదుర్చుకోవడం మంచిది కాదు.

అయితే పాత పేరు కొనడమే నేరమని ఎవరూ అనడం లేదు. చదివేవారి కోసం సొంతంగా తయారుచేసిన కొత్త సైటుకు పాత పేరు వాడుకోవచ్చని గూగులే చెబుతోంది. వంటింటి సామాను గురించి రాసి మానేసిన సైటు పేరేదైనా దొరికితే, అదే విషయాన్ని మీరు కొనసాగించదలచుకుంటే, అప్పుడు ఆలోచించవచ్చు. కొనే ముందు వెబ్ పేజీల పాత ప్రతులను దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేరు కొట్టి, మొదటి పేజీ ఒక్కటే చూసి సరిపెట్టుకోకుండా, చివరి మూడు నాలుగేళ్ల ప్రతులను వరుసగా తెరవండి. వంటల పేజీల తర్వాత కొన్ని నెలలు ఖాళీగా ఉండి, ఉన్నట్టుండి ఇండోనేషియా భాషలో జూదం ప్రకటనలు ప్రత్యక్షమైతే, ఆ పేరును మీకంటే ముందే ఎవరో కొని, పిండుకుని వదిలేశారని గ్రహించాలి. ఇతర సైట్లు ఏయే మాటల మీద దానికి లింకు ఇచ్చాయో కూడా చూడండి. దోసె, పచ్చడి అన్న మాటల మధ్య మాత్రల పేర్లూ అప్పుల యాప్‌ల పేర్లూ కనిపిస్తే ఆ బేరం అక్కడితో వదిలేయడమే. గూగుల్ ఆ సైటు మీద ఏదైనా చర్య తీసుకుని ఉంటే అది సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో, సైటు తనదేనని నిరూపించుకున్న వారికే కనిపిస్తుంది. కాబట్టి నేరుగా యజమాని దగ్గర కొంటున్నట్లయితే, డబ్బు కట్టకముందే ఆ పేజీ చూపమని అడగండి. వేలంలో ఆ వీలుండదు.

ధర్మసంస్థ పేరు వద్దనడానికి నా దృష్టిలో గూగుల్ కంటే పెద్ద కారణం మరొకటి ఉంది. పాత ఈమెయిల్ చిరునామాలకు రోగులూ దాతలూ ఇంకా ఉత్తరాలు పంపుతూ ఉండవచ్చు. డొమైన్ చేతికి వచ్చాక మీరు మెయిల్ ఏర్పాటు చేసుకుంటే అవన్నీ మీ పెట్టెలో పడతాయి. ఎవరి కంటి పరీక్షల కాగితాలో మీకు చేరడం మీకూ క్షేమం కాదు, వారికీ మర్యాద కాదు.

కొత్త పేరుకు ఏడాదికి అయ్యే ఖర్చు స్వల్పం. మిగిలిన సొమ్ముతో రెండు మూడు రకాల గ్రైండర్లు కొని, భౌగోళిక గుర్తింపు పొందిన కోయంబత్తూరు గ్రైండరు కూడా అందులో ఒకటి ఉండేట్టు చూసుకుని, స్వయంగా పిండి రుబ్బి రాయండి. కేజీ మినప్పప్పుకు ఎంతసేపు పట్టింది, పిండి ఎంత వేడెక్కింది, రాళ్లు తీసి కడగడం ఇంట్లో పెద్దవారికి సాధ్యమా అన్న సంగతులు కంపెనీ ప్రకటనల్లో దొరకవు. మీ లింకు ద్వారా కొంటే మీకు కమీషన్ వస్తుందన్న మాట మాత్రం పేజీలో స్పష్టంగా రాయాలి. అమెజాన్ నియమాలు కూడా అదే కోరుతాయి.

ప్రశ్న: వేలంలో నేను గెలుచుకున్న డాట్ కామ్ పేరును పాత యజమాని వారం తర్వాత తిరిగి తీసుకున్నారు. డబ్బు వాపసు వచ్చింది కానీ, ఇది న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: న్యాయమేనండీ. గడువు తీరగానే పేరు అనాథ అయిపోదు. రిజిస్ట్రారును (డొమైన్ పేర్లు నమోదు చేసే సంస్థను) బట్టి 45 రోజుల వరకు మామూలుగా పునరుద్ధరించుకునే వ్యవధి, తొలగించాక 30 రోజులు అదనపు రుసుముతో విడిపించుకునే వ్యవధి, ఆపైన 5 రోజుల నిరీక్షణ ఉంటాయి. చాలా వేలాలు మొదటి దశలోనే జరుగుతాయి. పేరు మీ ఖాతాలోకి మారేవరకు సైటు పనులకు ఖర్చు పెట్టకండి.

ప్రశ్న: ఇంకా నడుస్తున్న ఒక కంపెనీ తన డాట్ ఇన్ పేరును పునరుద్ధరించుకోలేదు. దాన్ని కొని, వచ్చే ట్రాఫిక్‌తో కొన్నాళ్లు సంపాదించి, తర్వాత వారికే ఎక్కువ ధరకు అమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, అన్నానగర్, చెన్నై

జవాబు: వద్దు. డాట్ ఇన్ పేర్ల వివాదాలకు, ఆ పేర్లను నిర్వహించే నిక్సీ సంస్థ వారి మధ్యవర్తిత్వ విధానం ఉంది. ట్రేడ్‌మార్కు గలవారికే లాభానికి అమ్మే ఉద్దేశంతో పేరు తీసుకోవడాన్ని అది దురుద్దేశానికి నిదర్శనంగా చూస్తుంది. అలా తేలితే పేరు వారికి బదిలీ అయిపోవచ్చు. మీ ఊరి ఇంటర్నెట్ సేవల సంస్థ సత్యం ఇన్ఫోవే, తన సిఫీ పేరును పోలిన డొమైన్ల మీద బెంగళూరు సిటీ సివిల్ కోర్టులో వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్కు లక్షణాలుంటాయని 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏ పేరైనా కొనే ముందు ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో వెతికి చూడండి; ఆ వెతుకులాటకు రుసుము లేదు.