విశ్వం విస్తరించడం లేదనుకుంటే రెడ్‌షిఫ్ట్‌కు (దూరపు గెలాక్సీల కాంతి ఎరుపు వైపు జరగడం), విశ్వ నేపథ్య వికిరణానికి (ఆకాశంలో అన్ని దిశల నుంచీ వచ్చే మైక్రోవేవ్ కాంతి) వేరే వివరణ ఉందా?

ప్రయత్నాలు చాలానే జరిగాయి గానీ, పరిశీలనలకు తట్టుకొని నిలిచినది లేదు. కాంతి సుదూర ప్రయాణంలో క్రమంగా శక్తిని కోల్పోయి ఎరుపు వైపు జరుగుతుందని 1929లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్వికీ ప్రతిపాదించారు. దీన్నే 'అలసిన కాంతి' సిద్ధాంతం అంటారు. దారిలో పదార్థాన్ని ఢీకొని శక్తి పోగొట్టుకుంటే కాంతి దిశ కూడా కొంత మారాలి, అప్పుడు దూరపు గెలాక్సీల రూపం చెదిరి, అలుక్కుపోయినట్లు కనిపించాలి. అలా కనిపించడం లేదు. ఇంతకంటే గట్టి అభ్యంతరం టైప్ 1ఎ సూపర్‌నోవాలది (ఒక రకం నక్షత్ర పేలుళ్లు): దగ్గరలో జరిగితే 20 రోజుల్లో వెలుగు తగ్గే పేలుడు, రెడ్‌షిఫ్ట్ 1 (అంటే కాంతి తరంగదైర్ఘ్యం రెట్టింపు) ఉన్నంత దూరంలో జరిగితే మనకు 40 రోజులు సాగినట్లు కనిపిస్తుంది. కాంతి అలసిపోతే రంగు మారవచ్చు గానీ, పేలుడు వ్యవధి ఎందుకు సాగాలి?

నేపథ్య వికిరణం విషయంలో ఖగోళ శాస్త్రవేత్తలు హాయిల్, బర్బిడ్జ్, నార్లికర్‌ల వాదన మరింత చమత్కారమైనది. సన్నని ఇనుప తీగల వంటి ధూళి నక్షత్రకాంతిని పీల్చుకొని మైక్రోవేవ్‌లుగా వెలువరిస్తుందన్నారు (వారు కాదన్నది మహావిస్ఫోటనాన్నే, విస్తరణను కాదు). అయితే 1990లో కోబే ఉపగ్రహం అందించిన వర్ణపటం దాదాపు 2.7 కెల్విన్ల కృష్ణవస్తువు (తనపై పడ్డ కాంతినంతా పీల్చుకొని, తన ఉష్ణోగ్రతను బట్టే కాంతిని వెలువరించే ఆదర్శ వస్తువు) వక్రరేఖతో అతి సూక్ష్మంగా సరిపోయింది. వేర్వేరు దూరాల్లో ఉన్న ధూళి అంతటి నిర్దుష్టతను ఇవ్వడం చాలా కష్టం. పైగా, గతంలో ఈ నేపథ్యం విస్తరణ సూచించే మేరకే ఎక్కువ వేడిగా ఉండేదని సుదూర వాయుమేఘాల్లోని అణువులు తెలుపుతున్నాయి.