మాగిన వైన్ చేదా, వగరా?

సందేహం: ఉద్యోగరీత్యా ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఉంటున్నానండీ. మొన్న ఫ్రెండ్ ఇంట్లో 1996 నాటి సార్జే ద గ్రువో లరోజ్ అనే రెడ్ వైన్ తాగాం, అది షాతో గ్రువో లరోజ్ (షాతో అంటే ఇక్కడ సొంత ద్రాక్షతోటతో వైన్ చేసే ఎస్టేట్) వాళ్ళ సెకండ్ వైన్. మావాళ్ళకి తెలుగులో "రెండో రకం వైన్, బాగా నిలవది, కొంచెం చేదు, మట్టి వాసన" అని రాస్తే అలాంటిది ఎందుకు తాగావు అన్నారు. నాకేమో చాలా నచ్చింది. ఎలా రాయాలి?

సమాధానం: ముందు ఆ 'రకం' తీసేయండి. రెండో రకం బియ్యం అంటే నాసిరకం అనే కదా మనకి అర్థం. సెకండ్ వైన్ అలాంటిది కాదు, అదే తోట, అదే మనుషులు, కాకపోతే లేత తీగల పళ్ళతో చేసిందీ, రుచి చూసి పెద్ద వైన్‌లో కలపకుండా పక్కన పెట్టిందీ వేరే పేరుతో సీసాకెక్కిస్తారు. షాతో లతూర్ వాళ్ళు 1966 పంట నుంచి లే ఫోర్ ద లతూర్ పేరుతో చేస్తున్నది ఇదే. 'రెండో వైన్' అంటే చాలు. ఇంకో తిరకాసు ఉంది, బోర్డో షాతోలకి శ్రేణులు ఇచ్చిన 1855 వర్గీకరణలో గ్రువో లరోజ్‌ది రెండో శ్రేణి, ఆ రెండుకీ ఈ రెండుకీ సంబంధం లేదు, కలిపేయకండి.

అసలు చిక్కు 'చేదు' దగ్గరుంది. కాకరకాయది చేదు, వేపపువ్వుది చేదు. పచ్చి వక్క కొరికితే నాలుకా చిగుళ్ళూ బిగుసుకుపోయి నోరంతా పట్టేసినట్టు అవుతుందే, అది వగరు, కొన్నిచోట్ల ఒగరు అంటారు, రెండూ సరైనవే. సంస్కృతంలో దీన్నే కషాయం అని ఆరు రుచుల్లో లెక్కేశారు, ఉగాది పచ్చడిలో మామిడి పిందె ముక్కలతో వచ్చేదీ ఇదే. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి, ఓక్ పీపాల్లోంచి వచ్చే టానిన్లు అనే పదార్థాలు చేసే పని సరిగ్గా ఇదేనండీ, లాలాజలంలో ఉండే ప్రోటీన్లని పట్టేసుకుంటాయి, దాంతో నోట్లో జారుడు పోయి పొడిబారినట్టు ఉంటుంది. ఇంత ఖచ్చితమైన మాట చేతిలో ఉండగా చేదు అనడం నాకు బాధగా ఉంటుంది.

అయితే మీరు తాగింది పాతది, అందులో వగరు అంత గట్టిగా ఉండి ఉండదు. ఏళ్ళ తరబడి సీసాలో ఉంటే టానిన్లు ఒకదానికొకటి అతుక్కుని, రంగుతో కలిసి కొంత మడ్డిగా అడుక్కి దిగిపోతాయి, వైన్ ఇటుక రంగుకి తిరుగుతుంది, అందుకే మడ్డి కదలకుండా నెమ్మదిగా వేరే జాడీలోకి వంపుతారు. దీనికి 'వగరు విరిగింది' అని రాయండి. పాలు విరిగాయి అన్నప్పటి అర్థం ఇక్కడ రాదు, రుచి పేరు పక్కన విరగడం అంటే దాని జోరు తగ్గడమే, కాకరకాయ చేదు విరగాలని మజ్జిగలో ఉడికిస్తాం చూడండి.

'నిలవ'కి పచ్చళ్ళ దగ్గర తప్ప మంచి పేరు లేదు. 'పులిసిన' అసలొద్దు, పులవడం అనేది వైన్ సీసాలోకి వెళ్ళకముందే, మొదట్లోనే అయిపోయే పని. గంపలో పండు మాగుతుంది, ఆవకాయ మాగుతుంది, వైన్ కూడా మాగుతుంది. 'మాగిన వైన్' అంటే వయసూ తెలుస్తుంది, మెచ్చుకోలూ తెలుస్తుంది.

ఇక వాసన. పాత పద్ధతిలో చేసిన బోర్డో వైన్‌లో, బాగా మాగాక, తాజా పళ్ళ వాసన వెనక్కి తగ్గి దేవదారు చెక్క, చుట్ట పొగాకు, తోలు, వానకి తడిసిన ఎండుటాకులు ముందుకొస్తాయి. మీరు మట్టి అన్నది బహుశా ఈ చివరిదే, 'తడిసిన ఎండుటాకుల వాసన' అని పూర్తిగా రాయండి, ఒట్టి మట్టి వాసన అంటే చదివేవాళ్ళు బూజు వాసన అనుకునే ప్రమాదముంది. బూజు వాసన, తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం అది కార్క్ వల్ల వచ్చే దోషం, ఎంత పేరున్న షాతో అయినా ఆ సీసా పాడైనట్టే.