పాటతో కదిలిన గద్దె

ప్రశ్న: నైజీరియా మహిళా హక్కుల నేత ఫున్మిలాయో రాన్సమ్ కుటి జీవితం మీద ఒపెరా వచ్చిందని విన్నాను. పన్నుల పోరాటం పాటలో ఇముడుతుందా?

జవాబు: ఎందుకు ఇమడదు? ఆ పోరాటమే పాటతో నడిచింది! నైజీరియాలోని అబెయొకుటా పట్టణంలో బ్రిటిష్ వలస పాలకుల అండతో స్థానిక రాజు ‘అలాకే’ ఆడవాళ్ల నుంచి విడిగా పన్ను వసూలు చేయించేవాడు. 1947లో వేలమంది మహిళలు, వాళ్లలో ఎక్కువమంది బజారులో సరుకులు అమ్ముకునేవాళ్లు, రాజభవనం ముందు బైఠాయించి అతన్ని ఎగతాళి చేస్తూ తమ యొరుబా భాషలో పాటలు కట్టి పాడారు. ఇంగ్లండులో చదివిన ఫున్మిలాయో, వాళ్లలో ఒకరిగా ఉండాలని పాశ్చాత్య దుస్తులు వదిలి యొరుబా బట్టలు కట్టుకున్నారు. ఆమెలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. 1949 జనవరిలో రాజు గద్దె దిగాడు. మరుసటి ఏడాదే తిరిగి వచ్చాడు, అది వేరే సంగతి. ఈ కథను ఎవరు వేదికకెక్కించినా, బృందగానం చేసే ఆ బజారు స్త్రీలను నాయిక వెనక కాకుండా పక్కనే నిలబెట్టాలని నా గట్టి కోరిక.