మీట నొక్కితే మూగబోయే గిటార్

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గిటార్ కిల్ స్విచ్ గురించి మాకు అందిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. మొదటి జవాబు పొడవైనది. మిగిలిన మూడూ దాని మీద ఆధారపడినవి కనుక వరుసగా చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: నేను నల్లగొండలో డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. నా దగ్గర మూడు పికప్‌లు, ఒక వాల్యూమ్, రెండు టోన్ కంట్రోళ్లు ఉన్న స్ట్రాటోకాస్టర్ నమూనా గిటార్ ఉంది. మోగుతున్న స్వరాన్ని ముక్కలు ముక్కలుగా తెంపి వినిపించే కిల్ స్విచ్‌ను దానికి అమర్చుకోవాలని ఉంది. మా వీధిలోని టీవీ మెకానిక్ గారిని అడిగితే, "జాక్‌కు పోయే వైరు కత్తిరించి నడుమ స్విచ్ పెడితే సరి, ఇంట్ల లైటు స్విచ్ ఎట్లనో ఇదీ అట్లనే" అన్నారు. నేను చూసిన బొమ్మల్లో మాత్రం ఏ వైరునూ కత్తిరించినట్టు లేదు. ఏది సరైనది? దీనివల్ల గిటార్‌కు గానీ యాంప్లిఫయర్‌కు గానీ చేటు ఉందా?
— ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: మెకానిక్ గారు చెప్పినట్టు చేసినా పాట ఆగుతుంది, కానీ ఆగిన చోట నిశ్శబ్దం ఉండదు, గుర్రుమనే హమ్మింగ్ ఉంటుంది. ఇంట్లో దీపానికి వైరు తెగితే అది ఆరిపోతుంది, అంతే. గిటార్ సంగతి వేరు. తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్ నుంచి వచ్చే సిగ్నల్ వోల్టులో కొద్ది భాగమే కావడం వల్ల, దానిని ఎన్నో రెట్లు పెంచవలసిన యాంప్లిఫయర్ ఎప్పుడూ చెవి రిక్కించుకొనే ఉంటుంది. నడుమ వైరు తెంపినప్పుడు ఆ చెవికి తగిలించిన తీగ రెండవ కొస గాలిలో వేలాడుతున్నట్టే లెక్క; అది గదిలోని ట్యూబులైటూ ఫ్యానూ గోడలోని వైర్లూ వెదజల్లే 50 హెర్ట్జ్ మోతను ఏంటెన్నాలా పట్టుకొని వినిపిస్తుంది. అందుచేత గిటార్‌లో నిశ్శబ్దం కావాలంటే తీగను తెంపకూడదు, కలపాలి. సిగ్నల్ తీగను గ్రౌండ్ తీగతో (సిగ్నల్‌కు తిరుగు దారి అయిన రెండవ తీగతో) కలిపిన క్షణాన పికప్ పుట్టించినదంతా అక్కడికక్కడే గ్రౌండ్‌లోకి దిగిపోతుంది, యాంప్లిఫయర్‌కు ఏమీ అందదు, బయటి మోత చొరబడడానికి తెరిచిన కొస కూడా ఉండదు. మీరు చూసిన బొమ్మలే సరైనవి.

చేటు గురించి మీకు దిగులు అక్కరలేదు. మామూలు పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నని రాగి తీగ; అది పుట్టించే కరెంటు ఎంత స్వల్పమంటే దానిని షార్ట్ చేసినా వేడెక్కేది ఏదీ లేదు. వాల్యూమ్‌ను పూర్తిగా తగ్గించినప్పుడు కూడా యాంప్లిఫయర్‌కు పోయే తీగ గ్రౌండ్‌కే కలుస్తుంది. ఆ పనినే మీట ఒక్క దెబ్బకు చేస్తుంది. ఇంకొక సంగతి: చాలా గిటార్ యాంప్లిఫయర్లలో కేబుల్ గుచ్చనప్పుడు ఇన్‌పుట్ జాక్ తనంతట తానే సిగ్నల్‌ను గ్రౌండ్‌కు కలిపి ఉంచుతుంది. ఊరకే ఉన్నప్పుడు హమ్మింగ్ రాకుండా తయారీదారులే వాడే ఉపాయమిది. అయితే తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే పికప్‌లకు ఈ జవాబు వర్తించదు. వాటిలో షార్ట్ అయ్యేది రాగి చుట్ట కాదు, లోపలి చిన్న యాంప్లిఫయర్. కనుక వాటి సర్క్యూట్ బొమ్మ చూడకుండా చేయి పెట్టకూడదు.

ఇక మీట ఎంపిక. నొక్కినంతసేపే కలిసి, వేలు తీయగానే విడిపోయేది కావాలి. గుమ్మం పక్కన కాలింగ్ బెల్ బటన్ చేసే పని అదే. ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో "పుష్ టు ఆన్" అని అడగండి. "పుష్ టు ఆఫ్" అనేది దీనికి తిరగబడ్డది. ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అయ్యే రకం కూడా అదే డబ్బాలో పక్కపక్కనే కలిసి ఉంటుంది, చూడడానికి తేడా తెలియదు. కొనే ముందు దుకాణంలోనే మల్టీమీటర్ బీప్ పెట్టి నొక్కి చూడమనండి. నల్లగొండలో దొరకకపోతే హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో తప్పక దొరుకుతుంది. మీట ప్రయాణం చిన్నదిగా, స్ప్రింగు మెత్తగా ఉండాలి. గట్టి స్ప్రింగు అయితే వేగంగా తాళం కొట్టేటప్పుడు రెండు నిమిషాలకే వేలు నొప్పి పెడుతుంది. బకెట్‌హెడ్ అనే వాద్యకారుని తెల్ల గిటార్ మీద కనిపించే ఎర్రని పెద్ద మీట వీడియో గేమ్ యంత్రాల బటన్ వంటిది. ఆ బటన్లు 24, 30 మిల్లీమీటర్ల కొలతల్లో దొరుకుతాయి. నొక్కడానికి హాయిగా ఉంటాయన్నది నిజమే గాని, వాటికి కావలసిన రంధ్రమూ లోతూ ఎక్కువ. మొదటి ప్రయత్నానికి 12 మిల్లీమీటర్ల బటన్ చాలని నా అభిప్రాయం.

కొనగానే డ్రిల్లు పట్టవద్దు. గిటార్ ముందు భాగంలో పడవ ఆకారపు జాక్ ప్లేటు ఉంటుంది, దానికి రెండే స్క్రూలు. అవి విప్పి ప్లేటును బయటికి లాగితే జాక్‌కు వచ్చే రెండు తీగలు కనిపిస్తాయి. బటన్‌కు రెండు వైర్లు కట్టి, క్లిప్పులతో ఒకదానిని జాక్‌లో కేబుల్ ప్లగ్ కొన ముట్టే రేకుకూ రెండవదానిని గ్రౌండ్ రేకుకూ తగిలించి, బటన్‌ను చేతిలో పట్టుకొని వాయించి చూడండి. నొక్కినప్పుడు శుభ్రమైన నిశ్శబ్దం వస్తే సగం పని అయినట్టే. తరువాత చోటు చూసుకోవాలి. ఎడమచేతి వేళ్లతోనే స్వరాలు పలికిస్తూ కుడిచేతి వేలితో మీటను తడతారు కనుక అది వాల్యూమ్ నాబ్ దరిదాపుల్లో, అయితే స్ట్రమ్మింగ్ చేసే చేయి తగలనంత దూరంలో ఉండాలి. బటనంత కాగితపు ముక్కను పిక్‌గార్డ్ (గిటార్ ముందు భాగాన్ని కప్పే ప్లాస్టిక్ రేకు) మీద అంటించి రెండు రోజులు మామూలుగా వాయించండి. కాగితం చిరిగిపోతే ఆ చోటు పనికిరాదు.

లోతు కొలవడం మరువకండి. ఒకప్పుడు నేను పైనుంచి చక్కగా కనబడుతుందని ఒక చోట రంధ్రం చేసి బటన్ దించబోతే, కింద కొయ్యలో తొలిచిన గుంత అక్కడికి రానేలేదు. ఆ పిక్‌గార్డ్ ఇప్పటికీ నా బల్ల అరలో ఉంది, అప్పుడప్పుడు చేతికి తగిలి నన్ను వెక్కిరిస్తుంది. వాయించే తీగలు వదులు చేసి, పిక్‌గార్డ్ స్క్రూలు (ఇప్పటి నమూనాల్లో సాధారణంగా పదకొండు) విప్పి, దానిని తిరగేసి, కింది గుంత హద్దులను కాగితం మీద గీసుకొని, బటన్ కాళ్లూ వాటికి కట్టే వైరూ కలిపి ఎంత లోతు పడుతుందో స్కేలుతో చూసిన తరువాతే గుర్తు పెట్టాలి. రంధ్రం చేసేటప్పుడు పైన కాగితపు టేపు అంటించి, కింద చెక్క ముక్క పెట్టి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. వేగం ఎక్కువైతే ప్లాస్టిక్ కరిగి అంచు ముద్దకడుతుంది. చివరి మిల్లీమీటరును గుండ్రటి ఆకురాయితో పెంచడం మేలు. డ్రిల్లు లేకపోతే వడ్ల వారి దగ్గరకు తీసుకువెళ్లండి. ఆ చేతికి ఇది పెద్ద పని కాదు.

వైరింగు రెండు అతుకులే. స్ట్రాటోకాస్టర్ రకంలో జాక్ వరకు పోనవసరం లేదు. వాల్యూమ్ కంట్రోలుకు ఉన్న మూడు కాళ్లలో మధ్యది జాక్‌కు పోతుంది. చివరి కాళ్లలో ఒకటి దాని ఇనుప వీపుకే అతికి ఉంటుంది. బటన్ వైర్లలో ఒకదానిని మధ్య కాలికీ, రెండవదానిని వీపు మీద ముందే ఉన్న గ్రౌండ్ సోల్డర్ ముద్దకూ అతకాలి. కొత్త చోట అతకబోతే ఆ ఇనుప రేకు వేడినంతా తాగేస్తుంది, 25 వాట్ల ఐరన్‌తో ఎంతసేపు పట్టుకున్నా సోల్డర్ అంటదు, ఈలోగా లోపలి పట్టీ పాడవుతుంది. పాత ముద్దనే కరిగించి అందులో వైరు దించడం తెలివైన పని. వాయించే తీగలను మళ్లీ బిగించక ముందే కేబుల్‌ను గిటార్‌కు గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, కేబుల్ రెండవ కొస దగ్గర మల్టీమీటర్‌తో ఓములు చూడండి: నొక్కనప్పుడు కొన్ని వేల ఓములు, నొక్కినప్పుడు దాదాపు సున్నా రావాలి. ఎప్పుడూ సున్నాయే వస్తే ఎక్కడో వైరు వెంట్రుక తగులుతున్నది. నొక్కనప్పుడు సున్నా, నొక్కినప్పుడు వేల ఓములు వస్తే దుకాణదారు మీకు పుష్ టు ఆఫ్ అంటగట్టారు.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ దగ్గర మైకు సెట్టు, ఆర్కెస్ట్రా సామాను కిరాయికి ఇచ్చే వ్యాపారం. గిటార్ వాయించే పిల్లవాడు కిల్ స్విచ్ కావాలంటున్నాడు. గిటార్‌ను కోయడం ఎందుకు, యాంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కు పోయే వైరు మీదనే స్విచ్ పెడితే పోదా?
— ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. పై జవాబులో షార్ట్ చేయడం క్షేమమని చెప్పినది పికప్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్ గురించి మాత్రమే. స్పీకర్ వైరు మీద వచ్చేది యాంప్లిఫయర్ పూర్తి బలం. దానిని షార్ట్ చేస్తే ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మాడిపోతాయి. షార్ట్ చేయకుండా తెంపుదామా అంటే, వాల్వులతో నడిచే గిటార్ యాంప్లిఫయర్‌కు స్పీకర్ లేకపోవడమే గండం, దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది. మీరు కోరుకున్నట్టు గిటార్‌ను కోయకుండానే పని జరగాలంటే, చిన్న ఇనుప డబ్బాలో రెండు జాక్‌లు, ఒక పుష్ టు ఆన్ బటన్ బిగించండి. రెండు జాక్‌ల సిగ్నల్ రేకులను ఒక వైరుతో, గ్రౌండ్ రేకులను మరొక వైరుతో కలిపి, ఆ రెండు వైర్ల నడుమ బటన్ పెట్టాలి. గిటార్ కేబుల్ ఒక వైపు, పెడల్స్‌కు (కాలితో నొక్కి శబ్దాన్ని మార్చుకునే పెట్టెలకు) పోయే కేబుల్ ఇంకొక వైపు. డబ్బాను స్టాండుకు కట్టుకుంటే చేతితో, కింద పెట్టుకుంటే కాలితో నొక్కవచ్చు, కిరాయి గిటార్ చెక్కుచెదరదు. ఎకో, డిలే పెడల్స్ ఈ డబ్బాకు తరువాత ఉంటే నొక్కిన తరువాత కూడా వాటి ప్రతిధ్వని కొంతసేపు సాగుతుంది. చాలామంది కావాలని కోరుకునే అందం అది.

ప్రశ్న: మా చర్చిలో నేను రెండు పికప్‌లు, రెండు వాల్యూమ్‌లు, పైన ఏ పికప్ మోగాలో ఎంచుకునే మూడు స్థానాల టోగుల్ స్విచ్ ఉన్న గిటార్ వాయిస్తాను. గిటార్ సంఘానిది కావడం వల్ల రంధ్రం చేయడానికి పెద్దలు ఒప్పుకోవడం లేదు. మార్గం ఉందా?
— ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ఉందమ్మా, అది మీ గిటార్‌లో ఇప్పటికే ఉంది. మెడ వైపు పికప్ వాల్యూమ్‌ను సున్నాకు తగ్గించి, బ్రిడ్జి (తీగలు ఆనే కింది కొస) వైపుది పెంచి ఉంచండి. టోగుల్‌ను బ్రిడ్జి వైపు నెడితే శబ్దం, మెడ వైపు నెడితే నిశ్శబ్దం. రేజ్ అగెనెస్ట్ ద మెషీన్ బృందంలోని టామ్ మొరెల్లో ప్రసిద్ధి చెందిన ఆ తెగిన శబ్దాలను ఇలా టోగుల్‌తోనే రాబడతారు. ఆ బృందం మొదటి ఆల్బమ్ వచ్చినది 1992లో. లెస్ పాల్ అనే నమూనా గిటార్ల తరహా మామూలు వైరింగులో ఇంకొక సౌలభ్యం ఉంది: ఒక వాల్యూమ్ సున్నాలో ఉన్నప్పుడు మధ్య స్థానంలో రెండు పికప్‌లూ మూగబోతాయి. కనుక టోగుల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు కాకుండా మధ్య వరకు నెట్టినా చాలు, వేగం పెరుగుతుంది. టోగుల్ త్వరగా అరుగుతుందన్నది ఒప్పుకోవలసిన మాట. చిటపటలు మొదలైతే కాంటాక్ట్ క్లీనర్ కొట్టించండి.

ప్రశ్న: పై విద్యార్థికి మెకానిక్ చెప్పినట్టే నేనూ వైరు కత్తిరించి స్విచ్ పెట్టించుకున్నాను. నొక్కితే హమ్మింగ్ వస్తున్నది. ఈమధ్య నొక్కకపోయినా కొద్దిగా వస్తున్నది, తీగల మీద చేయి పెడితే తగ్గుతున్నది. స్విచ్ పాడయిందా?
— ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: ఇవి రెండు వేరు వేరు జబ్బులు. నొక్కినప్పుడు వచ్చేది వైరు తెంపడం వల్ల. కత్తిరించిన వైరును మళ్లీ అతికించి, పుష్ టు ఆన్ బటన్‌ను పైన చెప్పిన పద్ధతిలో కలపండి, అది పోతుంది. నొక్కకపోయినా వచ్చేదానికి స్విచ్ బాధ్యత లేదు. తీగలు బ్రిడ్జి ద్వారా గిటార్ గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి, మీ ఒంటికి అంటిన మోత వాటిని తాకగానే గ్రౌండ్‌లోకి పోతుంది. కనుక చేయి పెడితే తగ్గడం మంచి లక్షణమే. గిటార్ లోపలి గుంతకు రాగి రేకు అంటించి గ్రౌండ్‌కు కలిపితే ఇంకా తగ్గుతుంది.

అయితే "ఈమధ్య" అన్నారు కనుక ఇంటి ఎర్తింగును కూడా చూపించండి. ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్త్ గుంత ఎండాకాలంలో ఎండిపోతే పని చేయదు. దానిలో నీళ్లు పోయాలి. ఇది శబ్దం కోసమే కాదు. యాంప్లిఫయర్‌లో కరెంటు లీకై, ఎర్తింగు లేకపోతే, ఆ కరెంటు మీ చేతి కింది తీగల వరకు వస్తుంది. మూడు పిన్నుల ప్లగ్‌లో పెద్ద పిన్నును విరిచి రెండు పిన్నుల సాకెట్‌లో గుచ్చి వాయించే అలవాటు మీకుంటే, కిల్ స్విచ్ కన్నా ముందు ఆ సాకెట్‌ను మార్పించండి.