అపలూసా కొనేముందు దాని కళ్లు చూడు

అమ్మలూ,

నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. మన ఇంట్లో ఇంకొకరికి గుర్రాల మీద మనసు పుట్టింది, అదీ అపలూసా మీద! నువ్వు పంపిన ఫొటోలో గుర్రం ఒళ్లంతా తెలుపు, డొక్క దగ్గర రెండు మూడు నల్లచుక్కలు. చూడముచ్చటగా ఉంది, కాదనను. కానీ అప్పుడే అడ్వాన్స్ ఇవ్వకు.

ఆఫీసు అయ్యాక సాయంత్రాలు స్వారీ చేస్తానని రాశావు. చలికాలంలో మీ స్పోకేన్‌లో నాలుగింటికల్లా చీకటి పడుతుంది. ఆ వేళకి ఈ గుర్రానికి దారి కనపడకపోవచ్చు. ఈ జాతికి చుక్కలు తెచ్చే జన్యువు ఒకటుంది, ఎల్‌పీ అంటారు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే తెల్లటి చోట చుక్కలు దండిగా ఉంటాయి, చూపుకి ఢోకా లేదు. ఇద్దరి నుంచీ వస్తే తెలుపులో చుక్కలు ఒకటీ అరా మిగులుతాయి, లేదా అసలుండవు. అలాంటి గుర్రానికి పుట్టుకతోనే రేచీకటి. ఒంటికి రంగునిచ్చే కణాలతో పాటు కంటి రెటీనాకి కూడా ఆ జన్యువుతో పని ఉంది మరి. పగలు మామూలుగానే చూస్తుంది, వయసుతో ముదిరే జబ్బూ కాదు. చెడ్డ గుర్రమని అనను. పగటిపూట తిరిగేవాళ్లు, రాత్రి శాలలో లైటు వేసి ఉంచగలిగేవాళ్లు నిశ్చింతగా పెంచుకోవచ్చు. నీ టైముకి మాత్రం కుదరదు.

కాబట్టి అమ్మేవాళ్లని అడిగి, జూలు వెంట్రుకలు కొన్ని కుదుళ్లతో సహా తీయించి, కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ల డేవిస్ ల్యాబ్‌కి ఎల్‌పీ పరీక్షకి పంపు. నీ అంతట నువ్వు చూడాలంటే మసక చీకటి పడ్డాక వెళ్లు. దొడ్డి బయట నేల మీద ఒక దుంగ పడేసి, పగ్గం పట్టుకుని నడిపించు. పగలు చకచకా దాటిన గుర్రం చీకట్లో గేటు దగ్గరే బిగదీసుకుని నిలబడినా, తల ఎత్తి పక్కకి తిప్పి చూసినా, దుంగ తగిలి తడబడినా నీకే అర్థమవుతుంది.

కంటి గురించే ఇంకో మాట. గుర్రాలకి కన్ను లోపల వాపు వచ్చి, తగ్గి, మళ్లీ మళ్లీ వచ్చే జబ్బుంది, యువైటిస్ అంటారు. మిగతా జాతులతో పోలిస్తే అపలూసాలకి అది వచ్చే అవకాశం 8 రెట్లు ఎక్కువ. కన్ను చికిలించినా, నీరు కారినా, పొర కమ్మినట్టు కనిపించినా తెల్లారేదాకా ఆగకు, వెంటనే డాక్టర్‌ని పిలువు. నిర్లక్ష్యం చేస్తే చూపే పోతుంది. కొనేముందు కూడా డాక్టర్ చేత రెండు కళ్లూ చీకటి గదిలో లైటు వేసి పరీక్ష చేయించు. ఆ ఖర్చుకి వెనకాడొద్దు.

మన వైపు ఎద్దుని కొనేవాళ్లు పళ్లు, సుళ్లు, నడక చూశాకే రంగు దాకా వస్తారు. ఈ గుర్రాన్ని పెంచినవాళ్ల పద్ధతీ అదే. వాళ్లు నెజ్ పెర్స్ అనే అమెరికా ఆదివాసీ తెగ. ఒడ్డూ పొడుగూ ఉన్నవాటిని, కొండదారుల్లో అలసిపోని వాటిని ఎంచుకుని, నాసిరకం మగగుర్రాలకి విత్తులు తీసేసేవారు. 1806 ఫిబ్రవరిలో, అమెరికా పడమటి ప్రాంతాలను చూడటానికి వచ్చిన అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ తన డైరీలో ఈ ప్రాంతపు గుర్రాలను తెగ మెచ్చుకున్నాడు. వాటిలో మచ్చలవి కొన్నే అని కూడా రాశాడు.

ఆ గుర్రాల సత్తా 1877లో లోకానికి తెలిసింది. ఒరెగాన్‌లోని తమ వల్లోవా లోయ ఖాళీ చేయమని నెజ్ పెర్స్ వాళ్ల మీద ప్రభుత్వం ఒత్తిడి తెస్తే, పిల్లలూ ముసలివాళ్లతో సహా సుమారు 750 మంది గుర్రాల మందలతో కదిలారు. సైన్యం వెంటబడుతుంటే దాదాపు 1,170 మైళ్లు వెళ్లారు. కెనడా సరిహద్దు ఇంక 40 మైళ్లే ఉందనగా, అక్టోబర్ 5న మోంటానాలోని బేర్ పా దగ్గర వాళ్ల నాయకుడు చీఫ్ జోసెఫ్ లొంగిపోయాడు. సైన్యం గుర్రాలను లాక్కుంది. జోసెఫ్‌ని మళ్లీ వల్లోవాలో ఉండనివ్వలేదు. 1904లో మీ వాషింగ్టన్ రాష్ట్రంలోనే, ఆదివాసులకి కేటాయించిన కొల్విల్ రిజర్వేషన్‌లో పోయాడు. ఈ కథ తెలియకుండా అపలూసా మీద జీను వేయడం నాకు నచ్చదు.

చెల్లాచెదురైన గుర్రాలను కూడగట్టడానికి 1938లో క్లాడ్ థాంప్సన్ ఒరెగాన్‌లో అపలూసా హార్స్ క్లబ్ పెట్టాడు. ఇప్పుడది ఐడహో రాష్ట్రంలోని మాస్కోలో ఉంది, మ్యూజియం కూడా అక్కడే. మీకు గంటన్నర దారి, ఒక శనివారం వెళ్లిరా. 1965 నుంచి వాళ్లు ఆనాటి దారిలోనే ఏటా 100 మైళ్ల చొప్పున చీఫ్ జోసెఫ్ స్వారీ జరుపుతున్నారు. కొన్నాళ్లకి నువ్వూ వెళ్దువుగాని.

రంగు మీద మరీ ఆశ పెట్టుకోకు, వయసుతో మారిపోతుంటుంది. ముదురు రంగులో పుట్టిన పిల్ల పదేళ్లకి నెరిసినట్టు కావచ్చు. మారనివి చూసుకో: గిట్టల మీద నిలువు చారలు, కంటిగుడ్డు చుట్టూ తెలుపు, మూతి దగ్గర గులాబీ, నలుపు కలిసిన చర్మం. ఆ గులాబీ చర్మం ఎండకి కమిలిపోతుంది, వేసవిలో సన్‌స్క్రీన్ రాయాలి. కొన్నింటికి తోక పలచన, ఈగల్ని తోలుకోలేవు. కళ్లకి జాలీ మాస్కు తప్పదు.

ఆ ఫొటోలో గుర్రం తల్లిదండ్రుల రిజిస్ట్రేషన్ కాగితాలు అడిగి నాకు పంపు. ల్యాబ్ రిపోర్టు వచ్చాక ఫోన్ చెయ్యి, ధర సంగతి అప్పుడు మాట్లాడదాం.

ఆశీస్సులతో,
మీ బాబాయ్